శ్రమ విశ్వాసమును పండించునా?



శ్రమలు విశ్వాసమును బలపరచునని మనము తరచుగా వినుచున్నాము. రోమా పత్రిక 5వ అధ్యాయములో పౌలును, తన పత్రిక మొదటి అధ్యాయములో యాకోబును ఈ సంగతినే బోధించిరి. అయితే మన గ్రామములలో కనబడునది ఎల్లప్పుడు ఇట్లుండదు. ఒకే యేట వానలు తప్పును, ఒకే విధమైన పత్తి అప్పు రెండిండ్లమీద పడును. ఒక యింటివారు ప్రార్థనలో స్థిరపడుదురు. రెండవ యింటివారు ఆరాధనకు వచ్చుటయే మానుదురు. బరువు ఒకటే గదా, ఫలము వేరైనదేల?

పెద్దపల్లి ప్రాంతపువారికి బొగ్గు సంగతి కొత్త కాదు. గోదావరిఖని గనులలోని బొగ్గు కోట్ల సంవత్సరముల క్రిందటి చెట్లుచేమలే. అవి నీటి మడుగులలో పడి, గాలి తగులక, పైనబడిన మట్టిపొరల బరువుచేతను భూమి లోపలి వేడిచేతను బొగ్గుగా మారినవి. అదే మ్రాను బయట పడియుండినయెడల చెదలు తిని మన్నైపోవును. కావున బరువు మాత్రమే చాలదు. బరువు పడినప్పుడు ఆ మ్రాను ఎక్కడ నున్నదో అదియే ముఖ్యము. శ్రమయు అంతే. అది తనంతట తాను ఎవరిని పరిశుద్ధపరచదు. దేవునియెదుట దాచక మొరపెట్టుకొనుచు, తోటి విశ్వాసుల మధ్య నిలిచియున్నవానికే అది మేలగును.

మన తెలుగు సంఘముల చరిత్రలోనే దీనికి సాక్ష్యమున్నది. 1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు వచ్చినప్పుడు ఒంగోలులో జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసుకొని, ఆకలిగొన్నవారికి పనియు కూలియు కల్పించిరి. బాప్తిస్మము కోరినవారు అనేకులుండిరి. అయినను అన్నముకొరకు వచ్చుచున్నారేమోయని, ఏడాదికి పైగా ఆయన ఎవరికిని బాప్తిస్మ మియ్యలేదు. సహాయము ముగిసినది, ఇక ఇచ్చుటకు ఏమియు లేదు. అయినను జనులు వచ్చిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇచ్చినవారు తెలుగు బోధకులే.

ఇందులో రెండు సంగతులు గమనింపుడి. మొదటిది, కూలి ఆగిపోయిన తరువాతను నిలిచినదే విశ్వాసమని అక్కడ తేలినది. రెండవది, ఆకలి మీ విశ్వాసమునకు మంచిదని వారికి ఎవరును బోధించి ఊరకుండలేదు. ముందు పారయు, కూలియు చేతికిచ్చిరి. మన పొరుగున మెదకులోను చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు కరవు దినములలో దేవాలయ నిర్మాణమునందు బీదలకు పనియిచ్చి అన్నము పెట్టిరి. ఆ దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను.

కావున ఒక హెచ్చరిక అవసరము. శ్రమయందు అతిశయింతుమని వ్రాసిన పౌలు దెబ్బలు తిన్నవాడు, చెరసాల నెరిగినవాడు. ఆ మాట శ్రమపడువాని నోట సాక్ష్యమగును. కడుపునిండినవాడు ఆకలిగొన్నవానితో దానిని చెప్పినయెడల అది రాయి విసరుటయే. వస్త్రము లేనివానికి ఏమియు నియ్యక మంచిమాటలు చెప్పి పంపు విశ్వాసము మృతమని యాకోబు రెండవ అధ్యాయములో గద్దించుచున్నాడు.

నయోమిని తలంచుకొనుడి. కరవువలన ఊరు విడిచెను, భర్తను, ఇద్దరు కుమారులను పోగొట్టుకొనెను. తన్ను చేదైనదానిగా పిలువుడని ఊరి స్త్రీలతో చెప్పెను. ఆమె మాటనుబట్టి లేఖనము ఆమెను నిందింపలేదు. ఆమెకు కావలసినది ప్రసంగము కాదు. రూతు చేయి విడువలేదు, బోయజు తన పొలములో పనలలోనుండి వెన్నులు విడిపించెను. ఆ రెంటి ద్వారానే దేవుడు ఆమె ఒడిని మరల నింపెను.

ఇప్పుడు ఆ రెండవ యింటి సంగతికి వత్తము. వారు ఆరాధన మానినప్పుడు వారి విశ్వాసము చిన్నదని తీర్పు తీర్చుటకు ముందు, ఆ దినములలో సంఘము ఎక్కడ నున్నదని అడుగవలెను. పంట పోయిన రైతు, గల్ఫునుండి అప్పుతో తిరిగివచ్చిన యువకుడు, మనుష్యుల ముఖము చూడలేక తలుపు వేసికొన్నయెడల, సంఘపెద్దలు ఆ తలుపు తట్టవలెను. బ్యాంకునకు గాని షావుకారు నొద్దకు గాని వానితో కలిసి పోవలెను. వానిని రాత్రి ఒంటరిగా విడువరాదు. తుద ముట్టించుకొనవలెనను తలంపు పాపమని గద్దించి పోవుటకన్న, వానియొద్ద కూర్చుండి విని, వైద్యునియొద్దకు తోడుకొనిపోవుట ప్రేమ.

శ్రమలోనున్న సహోదరుడా, సహోదరీ, నీ దుఃఖమును దేవునియెదుట దాచవద్దు. కీర్తనలలో అనేకములు కన్నీటి ప్రార్థనలే. నీ బరువు చెప్పుకొనుట అవిశ్వాసము కాదు. ఈ వారము ఒక్కరితోనైనను చెప్పుము. శ్రమ లేని సహోదరుడా, ఈ వారము ఒక్క తలుపైనను తట్టుము. ప్రభువు మనకందరికి అట్టి కృప ననుగ్రహించును గాక. ఆమేన్.