మూడో వరసలో కూర్చున్న పాప

పంద్రాగస్టు దగ్గరపడితే మా బళ్ళలో విచిత్ర వేషధారణ పోటీ పెడతారు. మేము ఎరుకల వాళ్ళం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల బళ్ళలో పాఠాలు చెప్పుకుంటున్న వాళ్ళం. గాంధీ, భరతమాత, అల్లూరి సీతారామరాజు వేషాలు ఏటా చూస్తాం. వాటితో పాటు ఇంకొకటి కూడా వస్తుంది. ఒంటికి మసి, నడుముకు వేపమండలు, తలకు కోడి ఈక, చేతిలో విల్లు. ఆ పిల్లవాడు అర్థంలేని కేకలు వేస్తూ ఎగురుతాడు. మైకులో 'ఇప్పుడు ఆదివాసి' అని చెబుతారు.

ఒక ఏడు ఆ వేషానికే మొదటి బహుమతి వచ్చింది. మేము కూడా చప్పట్లు కొట్టినాం. మూడో వరసలో కూర్చున్న మా ఎరుకల పాప తల దించుకుంది. మరుసటి రోజు తోటి పిల్లలు ఆ కేకలు వేసే ఆ పాపను పిలిచినారు. మేము దేనికి చప్పట్లు కొట్టినామో అప్పుడు గాని తెలియలేదు.

అయితే ఒకరి వేషం ఇంకొకరు వేయడమే తప్పా? అట్లా అంటే మన సీమలో ఎవరూ ఒప్పుకోరు. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్ళు చీర కట్టి మొక్కు తీర్చుకుంటారు. ఆడవాళ్ళను వేధించిన పాలెగాణ్ణి వెతుకుతూ గంగమ్మే వేషాలు మార్చిందని కథ. నారాయణవనంలో ఆకాశరాజు ఇంటికి శ్రీనివాసుడు వెళ్ళింది ఎరుకలసాని వేషంలోనే. సోది చెప్పి పద్మావతితో పెళ్ళి కుదుర్చుకున్నాడంటారు. దేవుడే మా ఆడబిడ్డ వేషం వేసినాడు.

మరి తేడా ఎక్కడుంది? ఎరుకలసాని మాటను నలుగురూ నమ్ముతారని శ్రీనివాసుడికి తెలుసు. ఆ నమ్మకాన్ని అడిగి తెచ్చుకున్నట్టు ఆ చీర కట్టినాడు. మొక్కు కోసం చీర కట్టిన మగవాడు ఆ పూట అమ్మవారి ముందు తగ్గి నిలబడతాడు. మసి వేషంలో వేసినవాడు తగ్గడు. ఎవరి వేషం వేసినాడో వాళ్ళు తగ్గిపోతారు.

ఇంకొక సంగతి. ఆ పిల్లవాడు సాయంత్రానికి మసి కడుక్కుంటాడు. మా మీద పూసింది అంత సులభంగా పోలేదు. 1871లో తెల్లదొరలు తెచ్చిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. ఎరుకల వాళ్ళను పుట్టుకతోనే దొంగలుగా రాసుకున్నారు. వేలిముద్రలు వేయాలి, పోలీసుల ముందు హాజరు పలకాలి. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. ఊళ్ళో ఏదైనా పోతే ముందు మా ఇళ్ళ వైపు చూసే చూపు ఇంకా పూర్తిగా పోలేదు.

మేము పోటీ మానలేదు, పద్ధతి మార్చినాం. బాడుగ బట్టలు వద్దన్నాం. అమ్మానాయనల కూలి డబ్బులు వాటికే పోతున్నాయి. అట్టపెట్టెలు, పాత చీరలు, సిమెంటు సంచులు, మైదా బంకతో బడిలోనే చేద్దామన్నాం. ఒకటే షరతు పెట్టినాం: ఎవరి వేషం వేస్తావో వాళ్ళ దగ్గర కూర్చో, వాళ్ళ చేతిపని ఒకటి నేర్చుకుని రా. నీరుగట్టువారిపల్లె నేతగాడి వేషం వేసిన పిల్లవాడు కండె చుట్టడం నేర్చుకుని వచ్చినాడు.

ఎరుకలసాని వేషం వేస్తానన్న పిల్ల మా వాళ్ళ పిల్ల కాదు. ఆమెను మా పాప వాళ్ళ అవ్వ దగ్గరికి పంపినాం. అవ్వ ఈత బరిగెలు చీల్చి ఇచ్చి బుట్ట మొదలుపెట్టించింది. పిల్ల రెండుసార్లు వేలు కోసుకుంది. చివరికి ఆ వంకర బుట్టతోనే స్టేజీ ఎక్కింది. కేకలు వేయలేదు. బుట్ట ఎట్లా అల్లాలో చెప్పి దిగింది.

మా పాపను నువ్వేం వేస్తావని అడిగితే, "మా అవ్వ చీర నేను కట్టుకుంటే అది వేషమా సార్, బట్టలా?" అనింది. మా దగ్గర జవాబు లేదు. ఆ పాప అట్ట కత్తిరించి, ఖాకీ రంగు పూసి పోలీసు టోపీ చేసుకుంది. అవ్వ ఆ టోపీని చాలాసేపు చూసింది. వాళ్ళ నాయన రాత్రిళ్ళు ఠాణాలో హాజరు పలికినవాడు. ఏమీ అనకుండా టోపీని పాప తలమీద సరిగ్గా పెట్టింది.

యువతకు కూడా ఒక మాట. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం ర్యాలీలో మనవాళ్ళే కొందరు అంగడి ఈకలు పెట్టుకుని నడుస్తున్నారు. మా ఎరుకల పెద్దలు ఈకలు పెట్టుకున్నవాళ్ళు కాదు, బుట్టలు అల్లినవాళ్ళు. మనల్ని చూసి నవ్వినవాళ్ళు కుట్టిన బట్టలే మనమూ తొడుక్కుంటే, మన పిల్లలకు ఏమని చెబుతాం?

ఉపాధ్యాయ మిత్రులారా, ఈసారి పోటీకి ముందు పిల్లలను ఒక్క మాట అడగండి. నువ్వు ఎవరి వేషం వేస్తున్నావో వాళ్ళు మూడో వరసలో కూర్చుంటే, తల ఎత్తుకుని చూడగలరా? పిల్లలు జవాబు చెబుతారు. మా కంటే త్వరగానే చెబుతారు.