గుడ్డెద్దు, మిరపచేను

ముందూ వెనకా చూడకుండా మీద పడిపోయేవాణ్ణి ‘గుడ్డెద్దు చేలో పడ్డట్టు’ అంటాం. సామెతలో తప్పంతా ఎద్దు కళ్ళదే. మరి చూపున్న ఎద్దుకి చేను ఎలా కనిపిస్తుంది?

ఒంగోలు గిత్తనే తీసుకుందాం. రంగుల్ని పట్టే శంకు కణాలు మన కంట్లో మూడు రకాలుంటే, పశువుల కంట్లో రెండే. ఎరుపునీ ఆకుపచ్చనీ సరిగా విడదీయడం వాటికి కుదరదు. కాబట్టి మనకి కొట్టొచ్చినట్టు కనబడే పండుమిరప గిత్తకి ఆకుల్లో కలిసిపోతుంది. కానీ కళ్ళు తలకి చెరోపక్క ఉండటంతో అది మెడ తిప్పకుండానే దాదాపు చుట్టూ చూడగలదు. పిట్టల కంట్లో శంకు కణాలు నాలుగు రకాలు. మనకి అందని అతినీలలోహిత కాంతి కూడా చాలా పిట్టలకి కనిపిస్తుంది. మిరప కారం వాటికి తెలియదు. కాయ తిని గింజల్ని దూరంగా చల్లుతాయి. గుంటూరు యార్డులో ధర పలికే ఆ ఎరుపు, మొదట అడవిలో పిట్టల్ని పిలవడానికి పుట్టింది.

పిట్టల లెక్కలో మనమూ సగం గుడ్డివాళ్ళమే. ఇక్కడిదాకా వచ్చాక ఒక హాయైన మాట నోటికొస్తుంది: అంధత్వం లోపం కాదు, మరో రకం చూపు.

ఇందులో నిజం ఉంది. కళ్ళు మూసుకుంటే అంధుల లోకం తెలుస్తుందనుకుంటాం గానీ, అప్పుడు కనిపించే నలుపు చూపున్నవాళ్ళ నలుపు. ఇప్పుడు మీ వీపు వెనక ఏం కనిపిస్తోంది? నలుపు కూడా లేదు కదా. థామస్ నేగెల్ 1974లో గబ్బిలం గురించి ఇలాంటి మాటే అన్నాడు: గబ్బిలంలా బతకడం మనకెలా ఉంటుందో ఊహించుకోగలం, గబ్బిలానికి ఎలా ఉంటుందో ఊహించలేం. అయితే గబ్బిలాన్ని అడగలేం. మనిషిని అడగొచ్చు.

అడగనప్పుడు ఆ హాయైన మాటే అన్యాయం చేస్తుంది. మా అమ్మమ్మకి శుక్లాలు ముదిరాక కల్లంలో తాలుకాయలు ఏరే పని మాన్పించారు. ఆవిడ కాయని చెవి దగ్గర ఆడించి, గింజల గలగల విని, ఎండిందో లేదో చెప్పేది. ‘ఆవిడకి కళ్ళెందుకు’ అని ఊరంతా మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలుతోనే రెండేళ్ళు గడిచిపోయాయి. ఆపరేషన్ అయ్యాక నాతో అంది: ‘కళ్ళు కావాలా అని నన్నెవరన్నా అడిగారంట్రా?’

1996-2000 మధ్య జరిగిన ఆంధ్రప్రదేశ్ కంటివ్యాధుల అధ్యయనంలో పదివేల పైచిలుకు మందిని పరీక్షిస్తే 1.84 శాతం మంది అంధులని తేలింది. వాళ్ళలో 44 శాతం మందికి కారణం శుక్లాలు, అంటే ఆపరేషన్‌తో పోయే అంధత్వం. వాళ్ళకి ‘మరో రకం చూపు’ అని చెప్పడం తత్వశాస్త్రం కాదు, చేతులు దులుపుకోవడం.

ఆపరేషన్‌తో రాని చూపు సంగతి వేరు. గిత్తకి ఎరుపు తెలియకపోయినా ఏమీ లోటు లేదు, దాని బతుకు ఎరుపుని అడగదు. మన లోకం అడుగుతుంది, ఎందుకంటే దాన్ని కళ్ళున్నవాళ్ళం మన కొలతలకి కట్టుకున్నాం. నేను పనిచేసే తెరల మీద పొరపాటు జరిగిందని చెప్పడానికి గడి చుట్టూ ఎర్రగీత గీస్తాం. స్క్రీన్ రీడర్ ఆ ఎరుపుని చదవదు. పక్కన ఒక్క మాట రాస్తే చదువుతుంది. ఆ మాట లేకపోతే లోపం వాడేవాళ్ళ కంట్లో ఉందనడం, చేనికి కంచె వెయ్యకుండా ఎద్దుని తిట్టడమే.

నయమయ్యేదాన్ని నయం చెయ్యాలి, కానిదానికి లోకాన్ని సవరించాలి. ఒక మనిషికి వీటిలో ఏది కావాలో మనం కళ్ళు మూసుకుని ఊహిస్తే తెలియదు. ఆ మనిషినే అడగాలి.