కడుపు చిన్నదైంది, మరి ఆశ?



ఈసారి పళ్లెం ముందర కూర్చొని మాట్లాడుకుందాం. ధమ్మం గురించి మాట్లాడుతూ తిండి సంగతి ఎందుకని కొందరు అనుకోవచ్చు. కానీ మనిషి రోజుకు మూడుసార్లు పళ్లెం ముందర కూర్చుంటాడు. అన్నిసార్లు ధ్యానంలో కూర్చునేవాళ్లు మనలో ఎంతమంది? ఎరుక అక్కడ లేకపోతే ఇంకెక్కడ ఉంటుంది?

నాకు నలభై ఏడేళ్లు. మాది కరీంనగర్ దగ్గరి పల్లె. మూడేళ్ల కిందట నా బరువు 128 కిలోలు. షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు, రాత్రి నిద్రలో ఊపిరి ఆగినట్టయ్యే జబ్బు, అన్నీ ఉండేవి. హైదరాబాద్‌లో ఒక దవాఖానలో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్న. కడుపులో ముప్పావు భాగం పైనే తీసేశారు. మిగిలింది అరటిపండు ఆకారంలో సన్నటి గొట్టం.

ఆపరేషన్ అయిన రెండు నెలలకు మా అమ్మ దగ్గరికి పోయిన. అమ్మ పొద్దటి నుంచి పొయ్యి దగ్గరే ఉన్నది. జొన్న రొట్టె, తునకల కూర, పచ్చిపులుసు, అన్నం. పళ్లెం నిండుగ పెట్టింది. నేను నాలుగు చెంచాలు తిన్న. ఐదోది గొంతు దిగలేదు. ఛాతీలో రాయి అడ్డం పడ్డట్టయింది. బయటికి పోయి కక్కుకున్న. తిరిగొచ్చి చూస్తే అమ్మ పళ్లెం వంక చూస్తూ కూర్చున్నది. "నా చేతి బువ్వ నీకు చేదైందా కొడుకా?" అన్నది.

ఆ మాట నన్ను చాన్నాళ్లు నిద్రపోనియ్యలేదు. ఆ మాట నుంచే ఈ వ్యాసం.

నిండు పళ్లెం విలువ

మా అమ్మ చిన్నతనంలో దొర పొలంలో కూలికి పోయేది. కూలి అంటే పైసలు కాదు, కొలిచి పోసిన జొన్నలు. ఇంట్లో గటక, అంబలి. పండుగనాడు దొర ఇంటి వెనకాల నిలబడితే మిగిలిన అన్నం కొంగులో పోసేవాళ్లు. దాన్ని ఇంటికి తెచ్చి పిల్లలందరూ పంచుకునేవాళ్లు. ఆ అన్నం రుచి గురించి అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. కొంగు చాచిన సంగతే చెప్పేది.

1927 మార్చిలో మహాడ్‌లో బాబాసాహెబ్ మనవాళ్లకు నీళ్ల హక్కు ఒక్కటే చెప్పలేదు. చచ్చిన పశువు మాంసం తినడం మానుకోండి, ఇతరులు పారేసిన తిండికి ఆశపడకండి అని కూడా చెప్పాడు. మార్చి 20న చవదార్ చెరువు నీళ్లు ముట్టడం, ఎంగిలి కూటికి చెయ్యి చాచకపోవడం, రెండూ ఒకే ఆత్మగౌరవానికి రెండు ముఖాలు. అందుకే మన ఇండ్లల్లో నిండు పళ్లెం అంటే వట్టి తిండి కాదు, గెలుపు. "ఇంకొంచెం తిను బిడ్డా" అని తల్లి అన్నదంటే "నీకు నా గతి పట్టలేదు" అని అర్థం.

మరి ఆ పళ్లెంలో అన్నం వదిలేసిన కొడుకు ఆ గెలుపును కాదన్నట్టేనా? ఇది నా మొదటి ప్రశ్న. రెండో ప్రశ్న బయటివాళ్లు అడిగింది. ఒక పెద్దమనిషి విహారంలో అందరి ముందర అన్నాడు: "నోరు కట్టుకుంటే అయ్యేదానికి కడుపు కోయించుకున్నవ్. బౌద్ధుడివై ఉండి మనసును గెలవలేకపోయినవా?" అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు కొంత ఉన్నది.

బరువు పాపం కాదు

పోయిన జన్మలో చేసిన పాపం ఈ జన్మలో రోగమైందనే మాటను మనం నమ్మం. దేనికైనా కారణాలుంటాయి, ఆ కారణాలు మారితే ఫలితం మారుతుంది. ఇది బుద్ధుడు చూపిన దారి. నా బరువుకు కూడా కారణాలున్నాయి.

మా అమ్మ తరం జొన్న, మక్క గటక తిని పొద్దంతా వంగి పని చేసింది. పోచంపాడు కాలువ నీళ్లొచ్చినంక మా దిక్కు పొలాలన్నీ వరి అయినయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆ బియ్యం మన గుడిసెల్లో ఆకలిని తీర్చింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడితే కృతఘ్నత. కానీ మూడు పూటలా తెల్లన్నం, కుర్చీ ఉద్యోగం, సాయంత్రం మిర్చి బజ్జీ, ఆదివారం దావత్, రాత్రి మందు, ఇవన్నీ కలిసి నా ఒంట్లో కూడినయి. తరతరాలుగా ఆకలి చూసిన ఇంట్లో ఉన్నప్పుడే తిను, రేపు ఉంటదో లేదో అనే భయం ఇంకా పోలేదు. ఆ భయం కూడా నాతో పాటే తిన్నది.

ఒంటి లోపలి సంగతి కూడా ఉన్నది. గ్రెలిన్ అనే హార్మోను ఆకలి పుట్టిస్తుంది. అది ఎక్కువగా కడుపు పైభాగంలోనే తయారవుతుంది. బాగా బరువు పెరిగిన మనిషి తిండి తగ్గిస్తే ఒళ్లు ఊరుకోదు, ఆకలిని పెంచి పోయిన బరువును తిరిగి తెచ్చుకోవాలని చూస్తుంది. నేను మూడుసార్లు పదేసి కిలోలు తగ్గి, మూడుసార్లూ పదిహేనేసి కిలోలు పెరిగిన. దీన్ని ఒట్టి బద్ధకం అనడం కారణాలు చూడకుండా తీర్పు చెప్పడమే. పుట్టుకను చూసి మనిషిని తక్కువ చేసే అలవాటుతో మనం కొట్లాడుతున్నాం. ఒళ్లును చూసి తక్కువ చేసే అలవాటు మనలో ఉంటే దాన్ని కూడా వదలాలె.

శస్త్రచికిత్స ధమ్మానికి పరాయిది కాదు

జీవకుడు బుద్ధుడికి, భిక్షు సంఘానికి వైద్యం చేసినవాడు. వినయ పిటకంలో అతని కథ ఉంది. కాశీలో ఒక శ్రేష్ఠి కొడుకుకు పేగులు మెలిపడ్డాయి. తాగిన గంజి, తిన్న అన్నం అరగక ఎండిపోయాడు. జీవకుడు అతని పొట్ట కోసి, మెలిపడ్డ పేగులను సరిచేసి, మళ్లీ కుట్టి మందు రాశాడు. ఆ పిల్లవాడు బతికాడు. ధ్యానం చేసుకుంటే పేగులు వాటంతట అవే విడిపోయేవి కదా అని ఆ కథలో ఎవరూ అనలేదు.

సిద్ధార్థుడు ఆరేళ్లు ఒంటిని ఎండబెట్టి చూశాడు. ఎముకల గూడయ్యాడు కానీ బోధి దొరకలేదు. సుజాత ఇచ్చిన పాయసం తిన్నాకనే బోధివృక్షం కింద కూర్చునే బలం వచ్చింది. ఒంటిని హింసించడం ధమ్మం కాదు, ఒంటికి బానిస కావడం కూడా ధమ్మం కాదు. బాబాసాహెబ్ ఏళ్ల తరబడి షుగరు జబ్బుతో బాధపడ్డాడు, ఇన్సులిన్ తీసుకున్నాడు. 1948లో పెండ్లయినంక డాక్టర్ సవితా అంబేద్కర్ ఆయన తిండిని, మందులను దగ్గరుండి చూసుకున్నది. ఆయనకు మనోబలం తక్కువని ఎవరైనా అనగలరా? మందు తీసుకోవడం ఓటమి కాదు, కారణాన్ని గుర్తించి సరిచేసుకోవడం.

కత్తి అందని చోటు

అయితే ఆ పెద్దమనిషి మాటలో కొంత నిజం కూడా ఉన్నది. దాన్ని నేను తర్వాత తెలుసుకున్న.

మొదటి రెండు వారాలు నీళ్లలాంటివే తాగాలె: పల్చటి మజ్జిగ, పప్పు కట్టు, వడగట్టిన సూపు. గిలాసెడు ఒక్కసారి తాగలేం, గుక్కెడు గుక్కెడు పొద్దంతా తాగాలె. తర్వాత రెండు వారాలు మెత్తగా రుబ్బినవి. ఆ తర్వాత మెత్తగా ఉడికిన గుడ్డు, పెరుగు, చేప. మామూలు తిండికి వచ్చేసరికి ఆరేడు వారాలైంది. అప్పుడు కూడా ముందు గుడ్డో పప్పో మాంసమో, ఆ తర్వాతే అన్నం. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ పోవాలె. తినేటప్పుడు నీళ్లు తాగొద్దు, అరగంట ఆగాలె. బీ12, ఐరన్, కాల్షియం, డీ విటమిన్ మాత్రలు బతికున్నన్నాళ్లు వేసుకోవాలె. నాలుగో నెలలో జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది, భయపడ్డ. కొన్ని నెలలకు మళ్లీ వచ్చింది.

ఒంటి కష్టం ఇది. మనసు కష్టం వేరే. ఆకలి లేదు, కానీ తినాలని ఉన్నది. దావత్‌లో బగారన్నం వాసన వస్తే నోట్లో నీళ్లూరినయి, కడుపు మాత్రం వద్దన్నది. ఆకలి వేరు, తృష్ణ వేరు అని పుస్తకాల్లో చదివిన. ఆ రెండింటినీ నా ఒంట్లో విడివిడిగా చూసింది అప్పుడే. డాక్టర్లు ఆకలిలో పెద్ద భాగాన్ని కోసేశారు. తృష్ణ మీద ఒక్క గాటు కూడా పడలేదు.

తృష్ణ ఊరుకోదు, వేరే తోవ వెతుక్కుంటుంది. రొట్టె దిగకపోతే ఐస్‌క్రీమ్ దిగుతుంది. కూల్‌డ్రింకు దిగుతుంది. చిన్న కడుపును మోసం చేసి రోజంతా కొంచెం కొంచెం మెత్తటివి, తియ్యటివి తింటే పోయిన బరువు మళ్లీ వస్తుంది. ఏడాదిన్నర అయినంక నాకు ఆరు కిలోలు తిరిగొచ్చినయి.

మందు సంగతి ఇంకా ప్రమాదం. ఈ ఆపరేషన్ల తర్వాత మద్యం తొందరగా నెత్తురులోకి ఎక్కుతుంది, తక్కువకే ఎక్కువ మత్తు వస్తుంది. తిండితో తీర్చుకున్న దిగులును మందుతో తీర్చుకునేవాళ్లు కొందరు. నేను కూడా ఒక దావత్‌లో ఒక్క గిలాసే అనుకొని తాగిన. పది నిమిషాలకు గోడ పట్టుకోవాల్సి వచ్చింది. పంచశీలలో ఐదో శీలాన్ని రోజూ నోటితో పలికినోణ్ణే. అది నా ప్రాణానికి కంచె అని ఆ రాత్రి తెలిసింది. ఆ తర్వాత ముట్టలేదు.

రాజు గారి పళ్లెం

కోసల రాజు పసేనది కథ సంయుత్త నికాయంలో ఉంది. ఆయన పెద్ద కొలత అన్నం తిని, ఆయాసపడుతూ, రొప్పుతూ బుద్ధుడి దగ్గరికి వచ్చాడు. బుద్ధుడు ఆయన్ని తిట్టలేదు, నవ్వలేదు. ఎరుకతో, మితం తెలిసి తినేవాడికి బాధలు తగ్గుతాయని, ముసలితనం మెల్లగా వస్తుందని చిన్న గాథలో చెప్పాడు. రాజు తన వెనక నిలబడ్డ సుదస్సనుడనే యువకుణ్ణి పిలిచి, "ఈ గాథ నేర్చుకో. నేను తినేటప్పుడల్లా చదువు, రోజుకు వంద కహాపణాలు ఇస్తా" అన్నాడు. రాజు తిండి మెల్లమెల్లగా తగ్గి చిన్న కొలతకు వచ్చింది. ఒళ్లు తేలికైనంక తన చేతులు తడుముకుంటూ, బుద్ధుడు నా మీద ఎంత దయ చూపాడని సంతోషపడ్డాడు.

ఈ కథలో నాకు మూడు సంగతులు కనపడ్డయి. ఒకటి, సిగ్గుపరచడం లేదు. రెండు, ఒక్కరోజులో కాలేదు, మెల్లమెల్లగా అయింది. మూడు, అన్నిటికంటే ముఖ్యమైంది: అంత పెద్ద రాజు కూడా ఒంటరిగా చేయలేకపోయాడు. గుర్తుచేసే మనిషి పక్కన కావాల్సి వచ్చింది. మనోబలం అంటే ఒంటరిగా పండ్లు బిగబట్టడం అనుకుంటాం. ధమ్మం అట్లా చెప్పదు. అందుకే బుద్ధుడు, ధమ్మంతో పాటు సంఘం మూడో శరణమైంది.

డాక్టరమ్మ నాకు చెప్పింది: చిన్న ముద్ద, ఇరవై ముప్పైసార్లు నమలడం, మధ్యలో చెంచా కింద పెట్టడం, టీవీ బంద్. సతిపట్ఠాన సుత్తంలో తినేటప్పుడు, తాగేటప్పుడు, నమిలేటప్పుడు, రుచి చూసేటప్పుడు ఎరుకతో ఉండమని భిక్షువులకు చెప్పింది కూడా ఇదే కదా. మితం తెలిసి తినడాన్ని పాళీలో భోజనంలో మత్తఞ్ఞుత అంటారు. కత్తి నాకు కొంత సమయం ఇచ్చింది. ఆ సమయంలో నేర్చుకోవాల్సింది మత్తఞ్ఞుత. నేర్చుకోకపోతే ఆ గొట్టం కూడా సాగుతుంది.

అమ్మ జవాబు

ఇక మొదటి ప్రశ్న. అన్నం వదిలితే అమ్మ గెలుపును కాదన్నట్టేనా?

ఒకసారి బుద్ధుడు ఆళవికి వెళ్లాడు. ఒక పేద రైతు తప్పిపోయిన ఎద్దును వెతుక్కొని, ఆకలితో ఆలస్యంగా వచ్చాడు. బుద్ధుడు ముందు అతనికి అన్నం పెట్టించి, తిన్నాకనే ధమ్మం చెప్పాడు. ఆకలిని మించిన రోగం లేదని ఆయనకు తెలుసు. మా అమ్మకు కూడా తెలుసు. ఆమె పెట్టిన నిండు పళ్లెం ఆ రోగానికి మందు. నా రోగం వేరే, కాబట్టి మందు కూడా వేరే. లేనివాడికి పెట్టడం, ఎక్కువైనవాడికి ఆపడం, రెండూ కరుణే.

ఇంకో సంగతి కూడా ఆలోచించిన. పళ్లెం నిండా పెట్టించుకొని సగం వదిలితే అది ఎవరికో ఎంగిలి అవుతుంది. మా అమ్మ కొంగులో ఒకప్పుడు పడ్డది అదే. కాబట్టి వదలడం కాదు, ముందే తక్కువ పెట్టించుకోవడం నా పద్ధతి. గిన్నెలో మిగిలిన అన్నం ఎవరి ఎంగిలీ కాదు. దాన్ని ఎవరైనా తలెత్తుకొని తినొచ్చు. ఇదంతా అమ్మకు కూర్చోబెట్టి చెప్పిన. ఆపరేషన్ బొమ్మ కాగితం మీద గీసి చూపించిన. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు.

పోయిన బుద్ధ పూర్ణిమకు ధూళికట్ట స్తూపం దగ్గరికి పోయినం. శాతవాహనుల కాలం నాటి ఆ దిబ్బ ఎక్కేటప్పుడు నాకు ఆయాసం రాలేదు. ఇప్పుడు నా బరువు 89. కిందికి దిగినంక అమ్మ మూట విప్పింది. అందరికీ పళ్లేలు, నాకు మాత్రం నా చిన్నప్పటి సత్తు గిన్నె. అందులో గుడ్డు, కొంచెం పప్పు, రెండు ముద్దల అన్నం. నేను మెల్లగ తిన్న. గిన్నె ఖాళీ అయింది. అలవాటు కొద్దీ అన్నం వైపు నా చెయ్యి పోయింది.

"సాలు బిడ్డా" అన్నది అమ్మ.

ఆమె నోట ఆ మాట నేను పుట్టినంక మొదటిసారి విన్న. సుదస్సనుడికి రోజుకు వంద కహాపణాలు దొరికినయి. మా అమ్మ ఉత్త పుణ్యానికే గుర్తుచేస్తున్నది.

మీ ఇంట్లో ఇట్లాంటి ఆపరేషన్ అయినవాళ్లుంటే, షుగరు ఉన్నవాళ్లుంటే, బలవంతంగా వడ్డించకండి, ఎగతాళి చెయ్యకండి. మాత్రలు వేసుకున్నారా, నీళ్లు తాగారా అని అడగండి. జయంతి సభల్లో, పెండ్లిళ్లలో చిన్న పళ్లేలు కూడా పెట్టండి. ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అనేది డాక్టరు, ఆ మనిషి కలిసి తేల్చుకోవాల్సిన సంగతి. చేయించుకున్నవాడి పక్కన కూర్చోవడం మాత్రం మన పని. సంఘం శరణం గచ్ఛామి అని మనం పలికే మాటకు పళ్లెం దగ్గర అర్థం అదే.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.