చేయి చెప్పిన సాక్ష్యం

ఒక ఊళ్ళో వీరయ్య, సోమన్న అని ఇద్దరు కుమ్మరులు ఉండేవారు. "నా కూజాకు సాటి చుట్టుపక్కల ఊళ్ళలో లేదు" అనేవాడు వీరయ్య. సోమన్న మాత్రం "ఏదో మట్టి పిసుకుతున్నాను, నాకేం చేతనవుతుంది" అనేవాడు. ఆ ఏడాది మరీ కుంగిపోయాడు. సారె ముందు కూర్చునేవాడు గానీ, మట్టిముద్ద ఎండి పగుళ్లు బారినా ముట్టుకునేవాడు కాదు.

దివాణం నుంచి వచ్చిన పెద్దమనిషి ఇద్దరి మనసులూ తెలుసుకోవాలని ఒక పరీక్ష పెట్టాడు. ఇద్దరి కూజాలూ కలిపేసి, "ఆలోచించకుండా నచ్చినదాన్ని టక్కున తీయండి" అన్నాడు. వీరయ్య చేయి సోమన్న కూజా మీద పడింది. సోమన్న చేయి తన కూజా మీదే పడింది.

"చూశారా, నోరు అబద్ధమాడినా చేయి ఆడదు. సోమన్నకు లోపల ఏ బెంగా లేదు" అని తేల్చేసి వెళ్ళిపోయాడాయన.

సోమన్న అక్క ఆ తీర్పును లెక్కచేయలేదు. "ఒరే తమ్ముడూ, కడుపునిండా తిని ఎన్నాళ్లయిందిరా?" అంది. సోమన్న భోరుమన్నాడు. ఆ పూటే బండి కట్టించి వైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళింది.

నీతి: చేతి సాక్ష్యం వినాలి గానీ, దాన్ని పట్టుకుని నోటి మాటను కొట్టెయ్యకూడదు.

మనిషికి తన మీద తనకు లోలోపల ఉన్న అభిమానాన్ని కొలవబోతే మనస్తత్వ శాస్త్రానికీ ఇదే చిక్కు వచ్చింది. తమ పేరులోని అక్షరాలంటే మనుషులకు తెలియకుండానే మక్కువ ఎక్కువని బెల్జియం పరిశోధకుడు నుటిన్ 1985లో చూపాడు. 2000లో గ్రీన్‌వాల్డ్, ఫార్నమ్ అనే పరిశోధకులు ఆ అభిమానాన్ని కంప్యూటర్ మీటలతో కొలిచారు: 'నేను' అన్నదాన్ని మంచి మాటలతో ఎంత త్వరగా జతచేస్తాం, చెడ్డ మాటలతో ఎంత త్వరగా జతచేస్తాం అని. అదే సంవత్సరం బాసన్, స్వాన్, పెన్నెబేకర్ ఇలాంటి ఏడు కొలతలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదానికొకటి పెద్దగా పొసగలేదు. అందుకే తమ వ్యాసానికి పెట్టిన పేరులోనే గుడ్డివాళ్లు, ఏనుగు కథను తలచుకున్నారు. డిప్రెషన్‌తో నలిగేవారికి కూడా ఈ పరీక్షల్లో చాలాసార్లు మంచి మార్కులే వస్తాయి. నోటి మాటకూ ఆ మార్కుకూ మధ్య ఉన్న ఎడమే బాధకు ఒక గుర్తు కావచ్చని కొన్ని అధ్యయనాలు అంటున్నాయి. అలాంటి మార్కు చూసి "నీకేం లేదు" అనడం ప్రమాదం.

మీ ఇంట్లో ఎవరైనా "నేను ఎందుకూ పనికిరాను" అంటే, ఆ మాట వెనక ఉన్న బాధను నమ్మండి. పక్కన కూర్చోండి, డాక్టరుకు చూపించండి. మన దేశంలో ఉంటే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.