పిలుపు కోసం నిలబడినవారు



మన విచారణలో ఒక ఇంట దొంగతనం జరిగిందనుకోండి, లేదా దేవాలయంలో కానుకల పెట్టె పగిలిందనుకోండి. మన చూపు మొదట ఎవరి మీద పడుతుంది? పని లేక అరుగుల మీద కూర్చునే కుర్రవాళ్ళ మీద. "పనీపాటా లేనివాళ్ళు, వాళ్ళే అయివుంటారు" అనేస్తాం. ఆ మాట న్యాయమేనా? వారిలో ఒకడు మీరు జ్ఞానతండ్రిగా నిలిచి జ్ఞానస్నానం ఇప్పించిన బిడ్డే కావచ్చు.

ఈ సంగతిని పండితులు చాలాకాలంగా పరిశోధిస్తున్నారు. అమెరికా రాష్ట్రాల 1971 నుండి 1997 వరకు గల లెక్కలను స్టీవెన్ రాఫెల్, రుడాల్ఫ్ వింటర్-ఎబ్మర్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించి 2001లో తమ ఫలితాలు ప్రచురించారు. నిరుద్యోగం పెరిగితే దొంగతనాలవంటి నేరాలు పెరుగుతాయనీ, అది తగ్గితే అవీ తగ్గుతాయనీ వారు కనుగొన్నారు. కొట్లాటలు, హత్యల విషయంలో మాత్రం ఆ సంబంధం అంత స్పష్టంగా కనబడలేదు. అయితే అదే దేశంలో 2009 అక్టోబరులో నిరుద్యోగం 10 శాతానికి చేరినా, ఆ సంవత్సరం నేరాలు తగ్గాయి. లక్షలాదిమంది పని పోగొట్టుకొని కూడా పరుల సొమ్ము ముట్టలేదు.

కనుక నిరుద్యోగం ఒక శోధన. అది పాపం కాదు. సామెతల గ్రంథంలో (30:8-9) భక్తుడు తనకు ఐశ్వర్యమూ వద్దు, దారిద్ర్యమూ వద్దని ప్రార్థిస్తాడు. పేదవాడినైతే దొంగిలించి దేవుని నామానికి అపకీర్తి తెస్తానేమోనని అతని భయం. శోధన ఎంత బలమైనదో అతనికి తెలుసు. దానికి లొంగకుండా దేవుని ఆశ్రయించవచ్చుననీ తెలుసు.

మరి ఆ శోధనలో ఉన్నవానికి మనం చేయగలిగినదేమిటి? 2012లో చికాగో నగరంలో, హింస ఎక్కువగా ఉన్న ప్రాంతాల పాఠశాలలనుండి 1,634 మంది విద్యార్థులను తీసుకొని, చీట్లు వేసినట్టుగా కొందరిని ఎంచి, వేసవిలో 8 వారాలపాటు పని ఇచ్చారు. మంచిచెడ్డలు చెప్పడానికి ఒక పెద్దమనిషిని తోడు పెట్టారు. 16 నెలల తరువాత చూస్తే, పని దొరకనివారితో పోల్చినప్పుడు వీరిలో హింసా నేరాలకు అరెస్టులు 43 శాతం తక్కువ. ఆ తగ్గుదలలో ఎక్కువ భాగం పని ముగిసిన తరువాతే కనబడింది! జీతం అయిపోయింది. "నీవు పనికివస్తావు" అని ఒకరు పిలిచిన పిలుపు మాత్రం ఆ పిల్లల మనసులో నిలిచిపోయిందేమో!

తప్పు చేసి శిక్ష అనుభవించి వచ్చినవాని సంగతి ఇంకా కష్టం. మిల్వాకీ నగరంలో డెవా పేజర్ అనే పరిశోధకురాలు జరిపి 2003లో ప్రచురించిన పరీక్షలో, జైలుకు వెళ్ళివచ్చామని చెప్పిన తెల్లజాతి యువకులకు యజమానుల పిలుపులు సగానికి పడిపోయాయి. నల్లజాతివారికి అంతకన్నా ఎక్కువగా పడిపోయాయి. దొంగిలించేవాడు ఇకమీదట తన చేతులతో కష్టపడి, లేనివారికి కూడా పంచాలని పునీత పౌలుగారు ఎఫెసీయులకు (4:28) బోధించారు. కాని అతనికి పని ఇచ్చే తలుపులన్నీ మనమే మూసివేస్తే, ఆ బోధను అతడెలా పాటిస్తాడు?

ద్రాక్షతోట యజమాని ఉపమానం (మత్తయి 20:1-16) జ్ఞాపకం చేసుకోండి. సాయంత్రందాకా అడ్డాలో నిలబడినవారిని ఆయన సోమరులని తిట్టలేదు, దొంగలని అనుమానించలేదు. ఎందుకు ఊరకే ఉన్నారని అడిగాడు. తమను ఎవరూ పిలవలేదని వారు చెప్పగానే, గంటసేపటి పనికైనా తోటలోకి పంపాడు. ఇంటిల్లిపాదికి చాలే పూర్తి కూలి ఇచ్చాడు.

ప్రియ కుటుంబ పెద్దలారా, మీకు దుకాణమో, మరమ్మతు షెడ్డో, నాలుగు ఎకరాల పొలమో ఉంటే, ఈ వారం ఒక కుర్రవానిని పేరుపెట్టి పిలవండి. యువకులారా, పిలుపు ఆలస్యమైనంత మాత్రాన చేతులు మైలపరచుకోకండి. నజరేతులో వడ్రంగి పనితో పవిత్ర కుటుంబాన్ని పోషించిన పునీత జోజప్పగారు మీ కోసం ప్రార్థించుదురు గాక! ఆమెన్.