ఉద్దాలకుడి మట్టి, సింహాచలం రాయి

మట్టిముద్ద సంగతి తెలిస్తే కుండ, మూకుడు అన్నీ తెలిసినట్టేనని ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుకు చెబుతాడు. మారేది పేరూ రూపమే, మట్టి కాదు.

సింహాచలం కొండరాయి ఇక్కడే పేచీ పెడుతుంది.

ఖోండలైట్ అనే ఆ రాయి ఒకప్పటి బంకమట్టి. సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట, భూగర్భంలో 800 డిగ్రీలు దాటిన వేడికి, పైబరువుకి, పూర్తిగా కరగకుండానే మారిపోయింది. ముక్క పగలగొట్టి చూస్తే ఎర్రని గార్నెట్ గింజలు, సిల్లిమనైట్ పోగులు, అక్కడక్కడ గ్రాఫైట్ నల్లమెరుపు. మట్టి జాడే లేదు. కుమ్మరి ఆవానికి ఇంత చేతకాదు!



ఉద్దాలకుడు ఓడాడనడం మాత్రం తొందరపాటే. ఖనిజాలు మారినా అల్యూమినియం, సిలికాన్ చాలావరకు పాతవే. పైగా వానలకు శిథిలమైన ఖోండలైట్ మళ్లీ తెల్లని బంకమన్ను అవుతుంది. తూర్పు కనుమల ఎత్తుల్లో బాక్సైట్ అయిందీ అదే.