దేవుని సమయమా, మన ఆలస్యమా?



ప్రియ సహోదరీ సహోదరులారా, మన కూడికలలో సాక్ష్యములు చెప్పే వేళ తరచుగా వినబడే మాట ఒకటున్నది: "అంతా దేవుని సమయములో జరిగింది." ఉద్యోగము దొరికినవారు అంటారు. పెండ్లి కుదిరినవారు అంటారు. బెంగళూరు వచ్చిన ఎన్నో ఏండ్లకు సొంత ఇల్లు కట్టుకున్నవారు అంటారు. అది నిజమైన మాట, నేనూ అనేకసార్లు అన్నాను. అయితే ఒకసారి ఆ మాటను అనకూడని చోట అన్నాను. ఆ సంగతి మీ ముందు ఒప్పుకొని, దాని వలన నా మనస్సులో కలిగిన ప్రశ్నను మీతో కలిసి ఆలోచించవలెనని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

నేను ప్రకాశం జిల్లాలో పుట్టి పెరిగినవాడను. 1981లో ఉపాధ్యాయ శిక్షణ పూర్తి చేసి, ప్రభుత్వ బడిలో ఉద్యోగము కొరకు ఐదేండ్లు ఎదురుచూశాను. రాలేదు. 1986లో మా బంధువు ఒకాయన పిలువగా బెంగళూరు వచ్చి ఒక బడిలో చేరాను. ముప్పై ఏండ్లకు పైగా పాఠములు చెప్పి విశ్రాంతి తీసుకున్నాను. నా పిల్లలు ఇక్కడే చదువుకున్నారు. ఇక్కడే ప్రభువు నన్ను సంఘ పెద్దగా నిలిపాడు. ఆ ఐదేండ్లు వ్యర్థము కాలేదని నా నమ్మకము. ఈ సాక్ష్యము మా సంఘములో వినని వారు లేరు.

కొన్నేండ్ల క్రిందట మా ఆరాధనకు ఒక కుటుంబము కొత్తగా వచ్చింది. మా జిల్లా వారే. భర్త తాపీ మేస్త్రి, భార్య ఆయన దగ్గరే కూలి పని. అపార్ట్‌మెంట్లు కట్టే చోట రేకుల షెడ్డులో కాపురము. వారికి ఎనిమిదేండ్ల పాప, ఒక చంటివాడు. పాప ఊరిలో రెండో తరగతి చదివి వచ్చింది. జూన్ నెలలో తల్లి దగ్గరలోని బడికి తీసుకొని వెళ్తే టీ.సీ. లేనిదే కుదరదన్నారట. దాని కొరకు ఊరికి పోయి రావాలంటే బస్సు ఛార్జీలు, పైగా రెండు రోజుల కూలి పోతుంది. బడిలో వారు చెప్పే కన్నడము ఆమెకు అర్థము కాలేదు.

ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఆమె నా దగ్గరకు వచ్చి, "మాస్టారండీ, పాప చదువు సంగతి ప్రార్థన చెయ్యండి" అని అడిగింది. ప్రార్థన చేశాను. నా ఐదేండ్ల సాక్ష్యము చెప్పాను. "దేవుని సమయము కొరకు కనిపెట్టమ్మా, ఆయన ఆలస్యము చేసేవాడు కాడు" అన్నాను. ఆమె తల ఊపి వెళ్లిపోయింది.

ఆ యేడు ఆ పాప బడికి పోలేదు. తమ్ముడిని చంకనెత్తుకొని ఇసుక కుప్పల దగ్గర కూర్చున్నది.

ఇప్పుడు నేను దాచకూడని మాట చెప్పాలి. నేను ఉపాధ్యాయుడను. 2009లో విద్యాహక్కు చట్టము వచ్చిందనీ, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నదనీ నాకు తెలుసు. ఆరు మొదలు పద్నాలుగేండ్ల పిల్లలకు చదువు ఆ చట్టము ఇచ్చిన హక్కు. టీ.సీ. ఆలస్యమైనదనే కారణము చేత ఆ పిల్లలను చేర్చుకోవడము ఆపకూడదని అందులో ఉన్నది. ఈ సంగతి మా బడిలో తోటి ఉపాధ్యాయులకు చెప్పినవాడను నేనే. నాకు కన్నడము వచ్చు. ఆ బడి మా ఇంటికి అరగంట నడక. సోమవారము ఉదయము ఆమెతో కలిసి వెళ్లి నాలుగు మాటలు మాట్లాడితే పని అయ్యేది. నాకు చెడ్డ ఉద్దేశము లేదు. ఆ ఆదివారము కమిటీ మీటింగు ఉన్నది, తరువాత భోజనము వేళయింది, అంతే. ప్రార్థన చేశాను గనుక చేయవలసినది చేసేశాననుకున్నాను.

మరుసటి జూన్‌లో మా సంఘములోనే గార్మెంట్ ఫ్యాక్టరీలో కుట్టు పని చేసే ఒక సహోదరి సగము రోజు సెలవు పెట్టి, తల్లీబిడ్డలను వెంటబెట్టుకొని అదే బడికి వెళ్లింది. ఆ రోజే పాపను చేర్చుకున్నారు. ఆదివారము నేను సంతోషముతో ఆ తల్లి దగ్గరకు వెళ్లి, "చూశావా అమ్మా, దేవుని సమయము వచ్చింది" అన్నాను. ఆమె కోపముగా ఏమీ అనలేదు. మెల్లగా, "దేవుడు పోయినేడు కూడా ఉన్నాడు గదండీ మాస్టారూ. మాకే ఎవరూ తోడు రాలా" అన్నది.

ఆ మాట ఇంటికి వచ్చినా నన్ను విడువలేదు. ఆ పోయిన యేడు దేవుని ప్రణాళికా, నా ఆలస్యమా? ఆయన సమస్తమును ఏలువాడు గనుక అదీ ఆయన ప్రణాళికే అని సరిపెట్టుకోవచ్చునా?

ఈ ప్రశ్నతో నేను యోసేపు చరిత్రను మరల చదివాను. దేవుని సమయమును గూర్చి ప్రసంగించేటప్పుడు మనము తప్పక ఎత్తుకునే చరిత్ర అది. చెరసాలలో యోసేపు పానదాయకుల అధిపతి కలకు అర్థము చెప్పి, నీకు మేలు కలిగినప్పుడు నన్ను జ్ఞాపకము చేసుకొమ్మని వేడుకున్నాడు. అతడు విడుదల పొంది మరచిపోయాడు. రెండేండ్లు గడిచాయి. ఫరో కల కన్న దినమున యోసేపు బయటికి వచ్చాడు. సరిగ్గా దేవుని సమయము, అని మనము ప్రసంగము ముగిస్తాము. అయితే ఆదికాండము 41వ అధ్యాయము 9వ వచనములో ఆ పానదాయకుడు ఫరో ఎదుట మొదట ఏమి చెప్పాడో చూడండి. ఇది దేవుడు నియమించిన వేళ అని అతడు చెప్పలేదు. తన తప్పులు ఇప్పుడు తనకు జ్ఞాపకము వస్తున్నవని చెప్పాడు.

ఆ రెండేండ్లను దేవుడు వాడుకున్నాడు, అది దేవుని కార్యము. ఆ రెండేండ్లు మరచిపోయాడు, అది పానదాయకుని తప్పు. దేవుడు కీడును మేలుగా మార్చినంత మాత్రమున కీడు చేసినవాడు నిర్దోషి కాడు. ఆ రెండేండ్లు దేవుని సమయమని చెప్పే హక్కు ఎవరికైనా ఉంటే, చెరసాలలో వాటిని గడిపిన యోసేపుకు ఉన్నది. రాజు ఇంటిలో అన్నము తింటూ మరచిపోయినవానికి లేదు. ఇక నా సంగతి. నేను ఉద్యోగము కొరకు కనిపెట్టిన ఐదేండ్లూ నా తండ్రి ఇంటిలో నాకు మూడు పూటలా అన్నము ఉన్నది. ఆ సాక్ష్యమును రేకుల షెడ్డులో ఉన్న తల్లికి మందుగా ఇచ్చాను.

మన తెలుగు బాప్టిస్టుల చరిత్ర దేవుని సమయము కొరకు కనిపెట్టిన చరిత్రే. శామ్యూల్ డే దొరగారు 1836లో మన దేశము వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏండ్లు గడిచినా ఫలము బహు కొద్ది. 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన మిషన్ సభలో ఈ తెలుగు మిషన్‌ను మూసివేయవలెనా అని చర్చించారు. పటములో ఒంటరిగా ఉన్న నెల్లూరును గూర్చి ఎస్.ఎఫ్. స్మిత్ గారు ఆ సందర్భముననే ఒక పద్యము వ్రాశారు. అందువలననే మన మిషన్‌కు ఒంటరి నక్షత్రమనే పేరు నిలిచింది. మూయలేదు. 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జూవెట్ దొరగారు, దొరసానిగారు, నర్సు అనే సహోదరుడు, జూలియా, రూతు అనే సహోదరీలు, మొత్తము ఐదుగురు ఒంగోలు దగ్గరి కొండ మీద మోకరించి, ఆ ప్రాంతమునకు ఒక సేవకుని పంపుమని ప్రార్థించారు. జాన్ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురము పెట్టినది 1866లో. పన్నెండేండ్లు! 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఎనిమిది మందితో ఏర్పడింది.

ఇంతవరకు మనకందరికీ తెలిసిన చరిత్రే. దానిలో ఎవరు ఎక్కడ ఆగారో, ఎక్కడ ఆగలేదో గమనించండి. క్లౌ దొరగారు వచ్చిన కొత్తలో తాళ్లకొండపాడు నుండి యర్రగుంట్ల పేరయ్య గారు, ఆయన భార్య విశ్వసించి బాప్తిస్మము పొందారు. వారు మాదిగలు. వారి వారిని చేర్చుకుంటే మేము రాము అని పై కులములవారు దొరగారికి చెప్పారు. "పెద్దవారు ముందు రానివ్వండి, మీ సమయము తరువాత వస్తుంది" అని ఆ పేదవారిని ఆపడము ఆయనకు ఎంతో సులువు. ఆయన ఆపలేదు. మొదటి కొరింథీయుల పత్రికలో దేవుడు ఏర్పరచుకున్న బలహీనులను గూర్చి పౌలు వ్రాసిన మాటల వలన ధైర్యము తెచ్చుకొని, వచ్చినవారిని చేర్చుకున్నాడు. ఆ నిర్ణయము వలననే మనలో అనేకుల తాతముత్తాతలు ప్రభువును ఎరిగారు.

ఆ తరువాత 1876-78లో ధాత కరవు వచ్చింది. జనము ఆకలితో చనిపోతున్నారు. దొరగారు యౌవనములో అమెరికాలో సర్వే బృందముతో పనిచేసి ఉన్నారు. ఆ విద్య ఎందుకు నేర్చుకున్నాడో ఆనాడు ఆయనకేమి తెలుసు? ఇప్పుడు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము కంట్రాక్టు తీసుకొని, వేలమందికి పని, కూలి ఇచ్చాడు. బోధకులు పగలు పని చూసుకుంటూ, విశ్రాంతి వేళ కూలీల మధ్య కూర్చొని వాక్యము చెప్పారు. అనేకులు బాప్తిస్మము అడిగారు. ఇక్కడ మాత్రము ఆయన ఆగాడు. అన్నము కొరకు వచ్చారనే మాట వారికి రాకూడదని పదిహేను నెలల పాటు ఎవరికీ బాప్తిస్మము ఇవ్వలేదు. సహాయము పంచడము ముగిసిన తరువాత, ఇక ఇచ్చేదేమీ లేదని తెలిసి కూడా జనము వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందారు.

బాప్తిస్మమునకు ఆయన పదిహేను నెలలు ఆగమన్నాడు, అన్నమునకు ఒక్క పూట ఆగమనలేదు. హృదయమును మార్చేది దేవుడు, అక్కడ దేవుని కొరకు కనిపెట్టాలి. ఆకలిగొన్నవానికి పని చూపడము తన చేతిలో ఉన్నది, అక్కడ కనిపెట్టడమంటే ఆలస్యము చేయడమే. నేను ఆ పాప విషయములో ఈ రెంటినీ కలిపివేశాను. నా చేతిలో ఉన్నదానిని దేవుని చేతిలో పెట్టి, చేతులు దులుపుకున్నాను. ఇయ్యగలిగి యుండియు రేపు రమ్మని పొరుగువానితో చెప్పవద్దని సామెతల గ్రంథము మూడవ అధ్యాయము హెచ్చరించుచున్నది. "దేవుని సమయములో" అనే మాట నా నోట భక్తిగా పలికిన "రేపు రా" అయినది.

మన తెలుగు బైబిలులో దేవుని కొరకు ఎదురుచూడడమునకు "కనిపెట్టు" అనే మాట వాడారు. మన ఇండ్లలో ఆ మాటకు అర్థమేమి? జ్వరముతో ఉన్న బిడ్డను తల్లి రాత్రంతా కనిపెట్టుకొని ఉంటుంది. కోతకు వచ్చిన చేనును రైతు కనిపెట్టుకొని ఉంటాడు. ఆ తల్లి తడిగుడ్డ మారుస్తుంది, మందు వేళ చూస్తుంది, తెల్లవారగానే డాక్టరు దగ్గరకు పరుగెత్తుతుంది. జ్వరము తగ్గించడము ఆమె చేతిలో లేదు, అయినా ఆమె చేతులు ఖాళీగా లేవు. 130వ కీర్తనలో ఉదయము కొరకు కనిపెట్టే కావలివారు కూడా నిద్రపోయేవారు కారు.

మరి మన చేతిలో ఏమీ లేని కష్టముల సంగతి ఏమిటి? నయము కాని జబ్బు ఉన్నది. బిడ్డలు లేని దుఃఖము ఉన్నది. చేతికి వచ్చిన కుమారుని పోగొట్టుకున్న ఇల్లు ఉన్నది. అక్కడ దేవుని ప్రణాళిక మీద నమ్మకము ఒక్కటే ఆధారము, నిజమే. అయితే ఆ నమ్మకము ఆ ఇంటివారి నోట రావాలి. మనము వారికి నేర్పే పాఠము కాకూడదు. లాజరు జబ్బుగా ఉన్నాడని విని ప్రభువు ఉన్నచోటనే రెండు దినములు నిలిచాడు. ఎందుకు నిలిచాడో ఆయనకు తెలుసు. అయినను సమాధి యొద్దకు వెళ్లినప్పుడు ఆ అక్కచెల్లెండ్ల దుఃఖము చూచి కన్నీరు విడిచాడు. సమయము చేతిలో ఉన్నవాడే ఏడ్చాడు. సమయము తెలియని మనము పొడి కన్నులతో "అంతా మేలుకే" అని చెప్పి ఎలా రాగలము?

ప్రియులారా, ఈ నగరములో మనము స్థిరపడినవారము. మనకు రేషన్ కార్డు ఉన్నది, ఇక్కడి భాష వచ్చు, ఏ ఆఫీసులో ఎవరిని అడగాలో తెలుసు. మన వెనుక వచ్చేవారికి ఇవేమీ లేవు. మనము వచ్చిన తొలి దినములలో ఎవరో ఒకరు మన వెంట నడిచారు. నన్ను పిలిచిన బంధువు నాతో పాటు మూడు బడులు తిరిగాడు. నా సాక్ష్యములో ఇన్నేండ్లుగా ఆయన పేరు చెప్పడము మానివేశాను. దేవుని సమయము ఆ రోజు ఆయన కాళ్లతో నడిచి వచ్చింది.

ఆ పాపను వయస్సును బట్టి నాలుగో తరగతిలో కూర్చోబెట్టారు. మూడో తరగతి లెక్కలు రావు, కన్నడ అక్షరములు రావు. అందుచేత శనివారము సాయంత్రములు మా ఇంటికి రమ్మన్నాను. అప్పు తెచ్చుకొనే తీసివేతలు నేర్చుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు బాగానే చదువుచున్నది. దేవుడు ఆ పోయిన యేటిని కూడా మేలుగా మార్చగలడని నమ్ముచున్నాను, ప్రార్థించుచున్నాను. అయినను దానిని దేవుని సమయమని మాత్రము ఆ తల్లితో మరల అనలేదు. నా తప్పని ఆమెతో చెప్పాను.

ఇప్పుడు ఎవరైనా వచ్చి ప్రార్థన చేయమంటే తప్పక చేస్తున్నాను. ఆమేన్ అన్న తరువాత ఒక మాట అడుగుచున్నాను: "అమ్మా, రేపు ఎన్ని గంటలకు వెళ్దాము?"

ప్రభువునందు మీ సహోదరుడు,
ఒక సంఘ పెద్ద, బెంగళూరు